శనివార సాయం సంగ్రామం

కావ్యం మొదలుపెట్టేముందు విఘ్నేశ్వరుణ్ణి తలుచుకోవడం మనవాళ్ళ ఆచారం. ఈ కావ్యానికి ఇష్టదైవం వేరు. గుండ్రటి మేను, బంగారు అంచు, వెండి నడిబొడ్డు, ఒక ముఖాన రెక్కలు చాచిన గద్ద. జర్మనీ ముద్ర పడ్డ ఒక యూరో నాణెం. పర్సులో పెద్ద నోట్లు ఎన్నయినా ఉండనీ, ఫోనులో బ్యాంకు యాప్‌లు ఎన్నయినా ఉండనీ, ఈ దేవత జేబులో కొలువై ఉంటే తప్ప మ్యూనిక్ నగరంలో సూపర్‌మార్కెట్ ట్రాలీ అడుగు కదపదు. గుమ్మం బయట ట్రాలీలన్నీ ఒకదాని పొట్టలోకి ఒకటి దూరి, ఒకదాని గొలుసు ఇంకొకదాని మెడకు బిగించుకుని, చెరపట్టిన రాజకుమారుల్లా బారులు తీరి ఉంటాయి. నాణేన్ని ఆ చీలికలోకి దోస్తే టక్కుమని గొలుసు ఊడుతుంది. శాపవిమోచనం. పనయ్యాక తెచ్చి మళ్ళీ కట్టేస్తే దేవత తిరిగి చేతికొస్తుంది. ముందుచూపున్న భక్తులు తాళంగుత్తికి అదే సైజు ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి తగిలించుకుంటారు. మూలవిరాట్టు కదలని రోజున ఉత్సవవిగ్రహం.

స్తుతి అయ్యాక కుకవినింద. "మీకేంట్రా, అన్నీ కడిగి ప్యాకెట్లలో పెట్టి అమ్ముతారు. కొనుక్కోవడం కూడా ఒక కష్టమేనా?" అని తెనాలి నుంచి వాట్సాప్‌లో దెప్పే మేనత్తలు ఈ కావ్యానికి కుకవులు. మేనత్తగారి హయాంలో కిరాణా అంటే చీటీ రాసి పంపడం. కొట్లో కుర్రాడు చీటీ చదివి, కందిపప్పు తూచి, పొట్లాలు కట్టి, సైకిల్ మీద తెచ్చి వంటింటి గుమ్మంలో దించేవాడు. డబ్బులు ఒకటో తారీఖున. ఇప్పుడు చీటీ కూడా లేదు, ఫోను మీద వేలు ఆనిస్తే ఎవరో ఒకరు బండేసుకుని వచ్చేస్తారు. ఇక్కడ రథమూ మనదే, సారథ్యమూ మనదే, కాల్బలమూ మనమే, గెలిచిన సొమ్ము ఇంటికి మోసే కూలీ కూడా మనమే. చివరికి తాగేసిన ఖాళీ సీసాలను తిరిగి దుకాణానికి మోసుకెళ్ళి అప్పజెప్పే సామంతరాజులమూ మనమే. ఈ మాట చెబితే "అక్కడ పనిమనిషి దొరకదా?" అంటుంది ఆవిడ. కుకవులతో వాదం అనవసరం.

ఇక కాలవర్ణన. వసంతం కాదు, శరత్తు కాదు, శనివారం సాయంత్రం. ఈ దేశంలో ఆదివారం దుకాణాలు తెరవరు, తెరవనివ్వరు. 1919 నాటి వైమార్ రాజ్యాంగం ఆదివారాన్ని పని మానే రోజుగా, మనసు కుదుటపడే రోజుగా కాపాడింది. ఆ అధికరణాన్నే 1949లో వచ్చిన రాజ్యాంగం తన ఒళ్ళో చేర్చుకుంది. దుకాణాల మూత వేళలకని 1956లో విడిగా ఒక చట్టం వచ్చింది. శనివారం రాత్రి ఎనిమిదింటి దాకా అమ్ముకోనిచ్చింది 2003లోనే. 2006లో ఈ వేళల పెత్తనం రాష్ట్రాలకు అప్పజెబితే చాలా రాష్ట్రాలు పట్టు సడలించాయి. బవేరియా మాత్రం ఎనిమిదంటే ఎనిమిదే అని భీష్మించుకు కూర్చుంది. దీనికి తోడు మ్యూనిక్‌కు ఏడాదికి 13 ప్రభుత్వ సెలవులు. అందులో ఏదైనా సోమవారం పడిందా, ముందటి శనివారం దుకాణంలో మనుషుల్ని చూస్తే జలప్రళయం తెల్లారితేనేమో అనిపిస్తుంది. మనువు కూడా తన పడవలోకి అంత పాలూ రొట్టే ఎక్కించి ఉండడు. ఆదివారం విశ్రాంతి మీద ఈ కవికి ఏ ఫిర్యాదూ లేదు. కౌంటరు వెనక మనిషికీ ఇల్లూ పిల్లలూ ఉంటారు. హైదరాబాదు బట్టల షాపుల్లో ఆదివారం పొద్దుపోయేదాకా నిలబడి కాళ్ళు వాచే ఆడపిల్లలకు ఈ చట్టాన్ని ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును కూడా. ఫిర్యాదల్లా శనివారం ఏడుంబావు మీదే.

నాయకుడు ధీరోదాత్తుడు. గుంటూరు జిల్లావాడు, కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. నాయిక వరంగల్ ఆడపడుచు. ఆవిడకు జర్మన్ వచ్చు. అతనికి వచ్చునని అతను అనుకుంటాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంత్రాంగం మొదలవుతుంది. ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఆవిడ చెబుతూ ఉంటుంది, అతను ఫోనులో రాసుకుంటాడు.

"పెరుగు. కొత్తిమీర. కల్యమాకు. పచ్చిమిర్చి. పోయినసారి తెచ్చిన ఆ లావు మిర్చి గాదు."

"దానిమీద మంట బొమ్మ కూడా ఉంది కదా."

"బొమ్మల్నే ఉన్నది కారం."

మూడు దుర్గాలు జయించాలి. అన్నీ ఒక్క దుర్గంలో దొరికితే ఇంత కావ్యం ఎందుకు, చీటీతో పోయేది.

మొదటిది టర్కీవాళ్ళ కూరగాయల కొట్టు. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో ఒప్పందం చేసుకుని ఫ్యాక్టరీలకు కార్మికులను రప్పించుకుంది. కార్మికుల వెనకే వాళ్ళ వంకాయా, పుదీనా, కిలో డబ్బాల పెరుగూ నడిచి వచ్చాయి. సంతకాలు పెట్టినవాళ్ళు ఊహించి ఉండరుగానీ, ఆ ఒప్పందపు ఫలం అరవై ఏళ్ళ తర్వాత తెలుగువాళ్ళ గుత్తివంకాయ కూర. కొట్టు బయట చెక్కపెట్టెల్లో ఆకుకూరలు నీళ్ళు చల్లించుకుని నిగనిగలాడుతుంటాయి. మారీచుడు పొంచి ఉండేది అక్కడే. ఆ చీలికలు కొత్తిమీరవే, ఆ పచ్చదనం కొత్తిమీరదే, కాడల మీద ఆ లేత మెరుపు కూడా దానిదే. నాయకుణ్ణి చూసి గాలికి తల ఊపుతుంది, రమ్మంటుంది, విల్లంబులు పక్కన పడేసి వెంటపడాలనిపిస్తుంది. కానీ అది పార్స్‌లీ. చారులో వేస్తే చారుకు నోరు పడిపోతుంది. బంగారు లేడికి సీతమ్మ భ్రమసిందిగానీ వరంగల్ ఆడపడుచు భ్రమసే రకం కాదు. ఒక ఆకు తుంచి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, పెదవి విరిచి, పక్క పెట్టెలోకి చెయ్యి చాపుతుంది. అక్కడ వేళ్ళతో సహా, వేళ్ళకు మట్టితో సహా అసలు కొత్తిమీర. కొట్టాయన మీసాల్లో నవ్వుకుంటాడు. ఆకు నలిపి వాసన చూసేవాళ్ళు ఏ దిక్కునుంచి వచ్చారో అతనికి ఎన్నడో తెలిసిపోయింది.

రెండో దుర్గం రెండు రైళ్ళు మారితే వస్తుంది, శ్రీలంక తమిళుడి కొట్టు. అక్కడ మునక్కాయ ఉంటుంది, చింతపండు ఉంటుంది, సోనా మసూరి బస్తా ఉంటుంది. బస్తా అంటే గుర్తొచ్చింది. 2023 జూలై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు అమెరికాలో తెలుగువాళ్ళు భుజాన మూడేసి బస్తాలతో పరుగెత్తిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. మరుసటేడు సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. మా నాయకుడి మంచం కింద బస్తాలు మాత్రం ఆ తర్వాతా చాలాకాలం పహరా కాశాయి.

ఆ కొట్లో అసలు కథ కరివేపాకుది. మన ఊళ్ళో కరివేపాకును ఎవరైనా కొంటారా? వంకాయలు తూచాక "ఓ రెమ్మ పడెయ్యమ్మా" అంటే కూరలమ్మి కొసరుగా వేస్తుంది. పెరట్లో చెట్టున్నవాళ్ళు పక్కింటివాళ్ళను పిలిచి మరీ ఇస్తారు. ఆ కొసరుకే యూరప్‌లో అడుగుపెట్టాలంటే రాజముద్ర కావాలి. 2019లో తెచ్చిన 1793 నంబరు నిబంధన కింద మన దేశపు కరివేపాకు, బెండకాయ రెండూ పురుగుమందుల అవశేషాల కోసం ప్రత్యేకంగా తనిఖీ చేసే సరుకుల జాబితాకెక్కాయి. సరిహద్దులో ఆపుతారు, నమూనా తీస్తారు, ప్రయోగశాలకు పంపుతారు. అగ్నిప్రవేశం చేసి పునీతమై వచ్చిన రెమ్మలు చిన్న ప్లాస్టిక్ పొట్లంలో, కొంచెం నల్లబడి, కొట్టాయన గల్లాపెట్టె పక్కనే కూర్చుంటాయి. అరల్లో పెడితే దక్కవని అతనికి తెలుసు.

"అణ్ణా, కరివేపాకు ఉందా?"

అణ్ణ నాయకుడి ముఖం చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమో చూశాడు, బల్ల కిందకు వంగి ఆఖరి పొట్లం తీశాడు. రామముద్రిక అందుకున్న జానకి కళ్ళు కూడా అంతే చెమర్చి ఉంటాయి. ధర చెప్పాక ఇంకాస్త చెమర్చాయి.

మూడో దుర్గం చేరేసరికి ఏడు దాటింది. లోపలికి పోయేముందు సీసాల కప్పం కట్టాలి. 2003 జనవరి 1 నుంచి ఈ దేశంలో వాడి పారేసే సీసాకూ డబ్బాకూ 25 సెంట్ల జామీను. కొన్నప్పుడు మనదగ్గర పట్టుకుంటారు, ఖాళీది తిరిగిస్తే వదులుతారు. పదేపదే నింపే బీరు సీసాకైతే 8 సెంట్లే. మొదట నీళ్ళకూ కూల్‌డ్రింకులకూ ఉండేది, 2024 నుంచి ప్లాస్టిక్ పాల సీసాకూ వచ్చింది. ఫాండ్ అంటారు దీన్ని, మనవాళ్ళు కూడా అదే మాట వాడేస్తారు. గోడలో గుండ్రటి నోరు తెరుచుకుని ఉంటుంది బకాసురుడు. సీసాను అడుగువైపు నుంచి పడుకోబెట్టి అందించాలి. అతగాడు దాన్ని గిరగిరా తిప్పి, ఒంటిమీది గీతల జాతకం చదివి, కరకరా నమిలి, మరొకటి పట్రమ్మంటాడు. లేబుల్ చిరిగిందా, నలిగిందా, ఊసేస్తాడు. శనివారం సాయంత్రం ఆయన ముందు ఎప్పుడూ ఒక విద్యార్థి ఉంటాడు, ముందురాత్రి విందు తాలూకు సీసాలు నీలం సంచులనిండా వేసుకుని. ఆ కుర్రాడి చివరి సీసా మింగి, సరిగ్గా మన వంతు వచ్చేసరికి, బకాసురుడికి కడుపు నిండిపోతుంది. ఎర్రదీపం. లోపలినుంచి ఎవరో వచ్చి తొట్టి మార్చాలి. రావలసిన మనిషి ఆ వేళకు కౌంటరు దగ్గర యుద్ధంలో ఉంటుంది. ఆవిడ వచ్చి తొట్టి మార్చాకే మన సీసాలు లోపలికి పోతాయి, రసీదు చేతికొస్తుంది.

అంతట లోనికిం జని, శీతలయంత్రనిశ్వాసశిశిరితగాత్రుండై, క్షీరసాగరంబు పగిది శ్వేతపేటికాసహస్రంబుల నొప్పు పాల యరలునుం, బర్వతంబుల భంగిఁ బేర్చిన చీజు గుట్టలునుం, జూపుమేర వ్రేలాడు సాసేజుల తోరణంబులునుం, బెక్కు తెఱంగుల రొట్టెలునుం గనుఁగొనుచుఁ, గందిపప్పు కానరాక, చింతపండునకుఁ జింతయే మిగిలి, ట్రాలీ కుడిచక్రంబు మొరాయింప నెడమకు నీడ్వంబడుచు, నన్నాయకుండు పిండియరల కడకుం జనియె.

పిండి దగ్గర మళ్ళీ వ్యావహారికంలోకి దిగక తప్పదు, ఎందుకంటే అక్కడ ఉన్నవన్నీ అంకెలే. 405, 550, 1050. ధర కాదు, బరువు కాదు. వంద గ్రాముల పిండిని పూర్తిగా కాలిస్తే ఎన్ని మిల్లీగ్రాముల బూడిద మిగులుతుందో ఆ లెక్క. తవుడు ఎక్కువున్న పిండికి బూడిద ఎక్కువ, అంకె పెద్దది. తినబోయేదానికి అది కాలాక మిగిలే బూడిదతో పేరు పెట్టిన జాతిలో ఇంతమంది తత్వవేత్తలు పుట్టడంలో వింతేముంది? చపాతీకి ఏ బూడిద నప్పుతుందో ఏ శాస్త్రంలోనూ లేదు. 405 మైదాకు చుట్టం, సాగుతుంది. 1050 కొంచెం మొండిది. రెండూ కలిపి నాయిక ఒక సంధి కుదిర్చింది. పక్క అరలో బియ్యం, కిలో కూడా కాదు, అరకిలో అట్టపెట్టెలో. పెట్టెలో చిల్లుల సంచులు, సంచికి 125 గ్రాములు, సంచితో సహా మరిగే నీళ్ళలో వేసి ఉడికించి తీయాలట. టీ పొడికి చేసే మర్యాద బియ్యానికి చేస్తుంటే గోదావరి జిల్లాలవాళ్ళు చూడకపోవడమే మంచిది. నూనె కోసం ఇవాళ వెతుక్కోనక్కర్లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొత్తల్లో పొద్దుతిరుగుడు నూనె అరలు బోసిపోయి, మనిషికి ఇన్ని సీసాలే అని కాగితాలంటించారు. ఆ రోజుల్లో ఈ వీధుల్లో ఏ తెలుగింట్లోనూ గారెలు వేగలేదు.

ఏడుముప్పావు. కౌంటరు.

లోపలికి వచ్చే గేటు ఒకవైపే తెరుచుకుంటుంది. ఏమీ కొనకపోయినా సరే, బయటపడాలంటే కౌంటర్ల సందులోంచే. అభిమన్యుడికి పద్మవ్యూహంలో ఇంతకన్నా ఎక్కువ దారులుండేవి. అయిదు కౌంటర్లలో రెండే తెరిచి ఉంటాయి. రెండు బారులూ పాల అరల దాకా పాకి ఉంటాయి. ఒక బారుకు తలకాయగా పండు ముసలావిడ, చేతిలో చిల్లర పర్సు. ఒక్కో సెంటూ తీసి, వెలుగులో చూసి, బల్లమీద పెడుతుంది. పద్దెనిమిది, పంతొమ్మిది. అది ఐదు సెంట్లా రెండు సెంట్లా? వెనక ముప్ఫైమంది నిలబడి ఉంటారు, ఒక్కడూ కిక్కురుమనడు. మన దగ్గరైతే ఈపాటికి ఇద్దరు సలహాలిచ్చి, ఒకాయన ఆ రెండు సెంట్లూ తనే ఇచ్చేసి ఉండేవాడు. ఇంతలో గంట మోగుతుంది, మూడో కౌంటరు తెరుస్తున్నామని మైకులో వినిపిస్తుంది. ధర్మం నాలుగు పాదాలా నడిచే ఈ దేశంలో ఆ ఒక్క క్షణం అది నాలుగు పాదాలూ ఎత్తేస్తుంది. బారులో అందరికన్నా చివరివాడు అందరికన్నా ముందు చేరిపోతాడు. ఇరవై నిమిషాలుగా నిలబడ్డవాళ్ళు చూస్తూ నిలబడతారు. ఎర్రదీపం ఉన్న రోడ్డును అర్ధరాత్రి కూడా దాటని మనుషులు వీళ్ళేనా అని ఆశ్చర్యం వేస్తుంది.

బెల్టు మీద సరుకు పేర్చడంలో వ్యూహం ఉంది. బరువైనవి ముందు, పాలూ పిండీ గజబలం. తర్వాత డబ్బాలు. టమాటాలు, కొత్తిమీర, కోడిగుడ్లు చిట్టచివర, రాణివాసపు పల్లకీల్లాగా. ముందువాళ్ళ సరుకుకూ మనదానికీ మధ్య ఒక మూడుమూలల ప్లాస్టిక్ కడ్డీ అడ్డంగా పెట్టాలి. అది సరిహద్దు రాయి. పెట్టకపోతే వెనకావిడ గొంతు సవరిస్తుంది. పెడితే "డాంకె" అంటుంది. మ్యూనిక్‌లో ఇరుగుపొరుగుతో చాలామందికి ఉన్న సంభాషణ అంతే.

కౌంటరులో వీరనారి. తల ఎత్తి "హల్లో" అంది, అదే యుద్ధభేరి. పాలు, పిండి, నూనె, ఉప్పు. అర్జునుడు బాణం తియ్యడం కనబడదు, తొడగడం కనబడదు, తగిలినవాడు పడిపోవడమే కనబడుతుందంటారు. ఇక్కడ వినబడుతుంది కూడా, పీప్ పీప్ పీప్ అని. ఈ దుకాణాలవాళ్ళు సొంత సరుకుల మీద ఆ నల్లగీతలను నాలుగు పక్కలా కొట్టిస్తారు, ఎటు తిప్పినా యంత్రానికి చిక్కాలని. తిప్పే ఆ అరక్షణం కూడా ఎందుకు పోవాలి? యంత్రానికి అవతల జాగా ఎంతుంటుందనుకున్నారు, ఒక జానెడు. సర్దుకోవడానికి కాదు, సర్దుకోకూడదని. ట్రాలీ ఆనించి వచ్చింది వచ్చినట్టు అందులోకి తోసెయ్యాలి. నాయకుడు పాలు అందుకునేసరికి పిండి వచ్చింది, పిండి ఎత్తేసరికి నూనె సీసా మోచేతికి తగిలింది. అతను పల్లకీలకని దాచిన మెత్తటి మూల మీద బంగాళాదుంపల సంచీ కూలింది. గుడ్లు గాల్లో ఉండగా నాయిక పట్టుకుంది.

"కార్డా, నగదా?"

రెండు చేతుల్లో నాలుగు వస్తువులున్నవాణ్ణి అడగాల్సిన ప్రశ్నా ఇది? కార్డు పళ్ళతో పట్టుకున్నాడు. "బిల్లు కావాలా?" తలూపాడు. ఊపింది అవుననో కాదనో అతనికే తెలియదు. అప్పటికే వెనకావిడ పెరుగు డబ్బా దొర్లుకుంటూ వచ్చి అతని టమాటాలను ఢీకొట్టింది. ఎవరూ విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండేది, తిట్టినవాణ్ణి తిరిగి తిట్టుకోవచ్చు. వెనకనుంచి ముప్ఫైమంది మౌనం వీపు మీద మోపితే దాన్నెవరితో చెప్పుకుంటాడు?

కిటికీ పక్క బల్ల దగ్గర చేరి, చేతిసంచుల్లోకి సర్దుకుంటున్నప్పుడు జేబులో కాగితం తగిలింది. సీసాల కప్పానికి బకాసురుడిచ్చిన రసీదు. మూడు యూరోల ఇరవైఐదు సెంట్లు. కౌంటరులో ఇస్తే బిల్లులో తగ్గించేవాళ్ళు. వెనక్కి చూశాడు. బారు పాల అరల దాకా ఉంది. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

సంజీవని పర్వతం మోసినట్టు ఆరు సంచులతో మూడంతస్తులు ఎక్కి, అన్నీ బల్లమీద గుమ్మరించాక, నాయిక వంటింట్లోంచి అడిగింది.

"పెరుగేది?"

"నువ్వు టర్కీ కొట్లో తీసుకున్నావనుకున్నా."

"నేను కొత్తిమీర చూసిన గదా. మీరు తీస్కున్నరనుకున్న."

గడియారంలో ఎనిమిదీ పది. మర్నాడు నాయకుడి ఆఫీసువాళ్ళు నాలుగు కుటుంబాలు భోజనానికి వస్తున్నారు. పెరుగు లేకుండా తెలుగువాళ్ళకు భోజనం పెట్టడమంటే భరతవాక్యం లేని నాటకం ఆడినట్టు.

ఆదివారం పొద్దున నగరం నిద్రపోతోంది. చట్టం ఎంత గట్టిదైనా ఒక తలుపు సందు వదిలింది. రైల్వే స్టేషన్లలో దుకాణాలు ఆదివారమూ తెరుచుకోవచ్చు, ప్రయాణికుల అవసరాల కోసం. రైలెక్కాలంటే దద్దోజనం డబ్బా చంకన పెట్టుకునే జాతికి పెరుగు ప్రయాణావసరం కాదని ఏ న్యాయస్థానమూ అనలేదు. నాయకుడు పెద్ద స్టేషన్‌కు దండు వెడలాడు. పెట్టెలు లాక్కెళ్ళే యాత్రికులను తప్పించుకుని దుకాణం చేరేసరికి బారు ప్లాట్‌ఫారం దాకా ఉంది, ఒక్కరి చేతిలోనూ సూట్‌కేసు లేదు. లోపల పెరుగు అర ఖాళీ. అడుగున స్ట్రాబెర్రీ కలిపిన చిన్న కప్పులు మాత్రం మిగిలాయి.

ముందు నిలబడ్డ మనిషి బుట్టలో రెండు పెద్ద డబ్బాలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన నాయకుడి చూపు పట్టుకున్నాడు, చేతిలోని బట్టసంచి మీద విజయవాడ బట్టల కొట్టు పేరు చదివాడు.

"పెరుగుకేనా అన్నా?"

"అవునండీ. ఇంటికి జనం వస్తున్నారు."

"ఒకటి తీసుకో, పర్లేదు," అని డబ్బా అందించబోయి, సగంలో ఆపి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంట్లో కరివేపాకేమన్నా ఉందా?"